పెనం అమ్మగారు

ఈ మధ్య ఒక పని మీద గుడివాడ వెళ్లాను. పని తెమిలేసరికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. బస్టాండు దగ్గర నాకు బాగా తెలిసిన పాత టిఫిన్ హోటల్లోకి దూరి, చెయ్యి కడుక్కుని కూర్చున్నానో లేదో, వంటింటి గుమ్మంలోంచి ఒక బట్టతల పెద్దాయన, అక్కడి వంట మేస్త్రి, తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. నేనా హోటల్లో అడుగు పెట్టి నాలుగైదేళ్లు దాటింది. ఆయన మాత్రం మొన్ననే చూసినట్టు, "ఏమ్మా, ఒక్కరే వచ్చారేంటి? పెనం అమ్మగారు రాలేదా?" అన్నాడు.

పెనం అమ్మగారు! ఆ రెండు మాటలు వినగానే నవ్వూ ఏడుపూ ఒకేసారి తోసుకొచ్చాయి.

"పోయారండీ. రెండేళ్లయింది," అన్నాను.

"అయ్యో! అన్నిసార్లు వచ్చారు, పేరైనా అడగలేదమ్మా ఆవిణ్ణి," అన్నాడు మేస్త్రి.

ఆయనకి పేరు చెప్పాను. ఇక్కడ మాత్రం రాయను. పేరు రాస్తే ఫలానా వారి కోడలు, ఫలానా బడిలో హిందీ టీచరు అంటూ ఆవిణ్ణి ఒక మూల కూర్చోబెట్టేస్తారు. ఆవిడ ఒక మూల కూర్చునే మనిషి కాదు. సంచిలో ఇనప పెనం పెట్టుకుని హోటళ్లకి వెళ్లిన మనిషి. బందరు నించి అవనిగడ్డ దాకా ఆవిడ వంటింట్లోకి తొంగిచూడని హోటలు లేదంటే అతిశయోక్తి కాదు. సరే, కొంచెం అతిశయోక్తే. నాకు ఆవిడంటే అంత ఇష్టం.

ఆవిడ మా నాన్నకి అక్క, నాకు మేనత్త. చల్లపల్లిలో ఉండేది. మావయ్యకి ఇంటి పక్కనే ఎరువుల కొట్టు. నాకు బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి చల్లపల్లి వెళ్లిపోయేదాన్ని. నిజం చెప్పొద్దూ, తిండి కోసమే. అన్నం తినేటప్పుడు మాట్లాడకూడదంటారు కదా, అత్తయ్య తినేటప్పుడు ఆగకుండా మాట్లాడేది, అదీ తిండి గురించే. వంకాయ కూర తింటూ పోయినేడాది తిన్న పనసపొట్టు కూర గురించి చెప్పేది. కూర కుదిరిందంటే ఎడంచేత్తో నేల మీద ఒక్కటి చరిచేది. ఆ చప్పుడు వింటే మావయ్య కొట్లో ఉన్నా, "ఇవాళ పులుసు కుదిరినట్టుందే," అనేవాడు.

పొట్టి మనిషి. నడుస్తున్నా, నిలబడ్డా, పాఠం చెప్తున్నా చేతులు గాల్లోనే ఉండేవి. సంతోషం వస్తే ఎదుటి మనిషి మోచెయ్యి పట్టుకుని ఊపేసేది. ఆవిడతో గంట సేపు కూర్చుంటే నా ఎడం మోచెయ్యి కాస్త సాగినట్టే ఉండేది.

ఇక బందరు హల్వా. అబ్బ! ఆ పేరెత్తితేనే ఆవిడ కళ్లు చిన్నవయ్యేవి. గోధుమలు నానబోసి, రుబ్బి, పాలు తీసి, నెయ్యి పోస్తూ గంటల తరబడి తిప్పితే వచ్చే హల్వా అది. ఆదివారం నేను అరకిలో పొట్లం లేకుండా వెళ్తే గుమ్మంలో నిలబెట్టేసేది. "ముందు నీ సంచీ లోపలికి రావాలే. నువ్వు మెల్లిగా రా, తొందరేం లేదు," అనేది.

అలాంటి మనిషి తొంభైల మధ్యలో చిక్కిపోవడం మొదలుపెట్టింది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఉదయం లేస్తే కడుపునొప్పి, రోజుకి ఐదారుసార్లు దొడ్లోకి పరుగు. గాజులు మోచేతి దాకా జారేవి. ఒంట్లో రక్తం లేదన్నారు. ఇక చూస్కోండి, సలహాలు! చల్లపల్లి అంతా మా అత్తయ్యకి డాక్టరే. "గోధుమ జావ తాగించండీ, బలం." "రాత్రిపూట అన్నం మాన్పించి చపాతీలు పెట్టండి." "బార్లీ నీళ్లు ఇవ్వండి, చలవ." మావయ్య పాపం ఏ మాటా కాదనలేదు. పొద్దున గోధుమ జావ, మధ్యలో బార్లీ నీళ్లు, సాయంత్రం మాల్టు పొడి కలిపిన పాలు, రాత్రి నాలుగు చపాతీలు, ఆదివారం నా హల్వా. మేం బలం పెడుతున్నకొద్దీ ఆవిడ మంచానికి దగ్గరైపోయింది.

చివరికి బెజవాడలో ఒక డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి, పేగు లోంచి గోరంత ముక్క తీయించి పరీక్షకి పంపాడు. జవాబు వచ్చిన రోజు నేనూ వెళ్లాను. దాని పేరు సీలియాక్ అట. గోధుమలో, బార్లీలో ఉండే జిగురు ఈవిడ పేగుకి పడదట. చిటికెడు పడినా లోపల పుండు చేసేస్తుందట. మందు లేదు, మానెయ్యడమే మందు.

మావయ్య నోరు తెరిచాడు. "వరి పండించే వాళ్లకి గోధుమ జబ్బేంటండీ డాక్టరుగారూ?"

అత్తయ్య మావయ్యని పక్కకి నెట్టి కుర్చీ ముందుకి జరుపుకుంది. "అన్నం తినొచ్చా?"

"తినొచ్చమ్మా."

"చేపల పులుసు?"

"తినొచ్చు."

"రొయ్యలు? ఆవకాయ? మినప్పిండి రొట్టె?"

డాక్టరుకి నవ్వొచ్చింది. "గోధుమా, బార్లీ తప్ప ఈ లోకంలో ఉన్నవన్నీ తినండమ్మా."

"బతికించారు బాబూ!" అని ఆయన మోచెయ్యి పట్టుకుని ఊపేసింది. బయటికొచ్చి మూడు మెట్లు దిగాక గుర్తొచ్చింది. "హల్వా!" అని మెట్ల మీదే కూలబడింది. చల్లపల్లి వచ్చేదాకా ఒక చనిపోయిన మనిషి గురించి మాట్లాడినట్టు హల్వా గురించే మాట్లాడింది. ఊళ్లో బస్సు దిగుతూ, "సరే, అయిపోయింది. ఇవాళ రాత్రికి రొయ్యలు దొరుకుతాయేమో కనుక్కోండి," అంది మావయ్యతో.

అక్కణ్ణించి మొదలైందండీ అసలు సంబరం! ఒక ఇంట్లో గోధుమ మానేశారంటే తిండి తగ్గుతుందనుకుంటాం కదా. అత్తయ్య ఇంట్లో రెట్టింపైంది. వరిపిండి రొట్టెలు, జొన్నరొట్టెలు, పెసరట్లు, సున్నుండలు, ఇత్తడి గిన్నెలో రెండు వేళ్ల మందాన కాలిన మినప రొట్టె. "గోధుమ అనే తలుపు ఒకటి వేశారే, నేను కిటికీలన్నీ తీశాను," అనేది. పిండిమరకి బియ్యం పంపడం మానేసింది. మర వాడు గోధుమలు ఆడిన వెంటనే మన బియ్యం పోస్తాడని, అందులో మొదటి దోసెడూ గోధుమపిండేనని ఆవిడే కనిపెట్టింది. అటక మీంచి తిరగలి దింపించి వసారాలో పెట్టింది. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చిన మావయ్య బనీనుతో కూర్చుని తిరగలి తిప్పుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "కానివ్వండి, చూడండి, టిక్కెట్టు లేదు," అనేవాడాయన.

ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే పెద్ద చిక్కు. ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. ప్రసాదం వద్దనకూడదు, అంటే మహాపచారం. అత్తయ్య రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న మావయ్య చేతిలో పెట్టేసేది. "మొగుడూ పెళ్లాం ఒకటే కదా స్వామీ, ఎవరి నోట్లో పడితే ఏం," అని దేవుడికి వినపడేలా చెప్పేది. ఊళ్లో వ్రతాలు ఎక్కువైన ఏడాది మావయ్యకి చొక్కాలు పట్టలేదు.

మూడు నెలల్లో అత్తయ్య కోలుకుంది. బుగ్గలొచ్చాయి. నాకే ఒక లోటు ఉండిపోయింది, ఆదివారం ఏం పట్టుకెళ్లాలి? అడిగితే, "హల్వా బదులు మంచి ఇంగువ తేవే. చల్లపల్లిలో దొరికేది గడ్డి వాసనొస్తోంది," అంది. బందరులో ఒక పాత కిరాణా కొట్లో చీటీ లేని తెల్ల డబ్బాల్లో ఇంగువ పొడి అమ్మేవాళ్లు. మూత తీస్తే వీధి వీధంతా గుప్పుమనేది. అది తీసుకెళ్లాను. అత్తయ్య వాసన చూసి నా మోచెయ్యి ఊపిన ఊపు ఇప్పటికీ గుర్తే. చారులో వేసింది, పప్పులో వేసింది, ఆఖరికి మజ్జిగలో కూడా వేసుకుంది. నెల తిరక్కుండా ఇంకో డబ్బా.

వానాకాలం వచ్చేసరికి గాజులు మళ్లీ జారడం మొదలైంది.

మళ్లీ బెజవాడ. డాక్టరు కాగితాలు చూసి, కళ్లజోడు తీసి, "అమ్మా, ఎక్కడైనా చాటుగా ఏమైనా తింటున్నారా? నా దగ్గర దాచొద్దు," అన్నాడు. అత్తయ్య లేదంది. ఆయన మావయ్య వైపు చూశాడు. మావయ్య నా వైపు చూశాడు. అంతే, ఆ ఒక్క చూపులో ముగ్గురం కలిసి ఆవిణ్ణి దొంగని చేసేశాం.

బస్సులో ఆవిడ పక్కన నేనే కూర్చున్నాను. నా నోటికి ఓర్పు తక్కువ. పామర్రు దాకా ఉగ్గబట్టుకుని, ఇక ఆగలేక, "అత్తయ్యా, నిజం చెప్పు. ఎప్పుడైనా కొంచెం హల్వా... ఒక్క ముక్క..." అన్నాను.

"తినలేదే," అంది.

"కొంచెం తిన్నా ఫరవాలేదు, చెప్తే..."

"తినలేదన్నానా!"

ఆ తర్వాత కిటికీ వైపు తిరిగింది. చల్లపల్లి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. రెండు మైళ్లు నోరు కట్టుకోలేని మనిషి! నేనేం చేశానో తెలుసా? ఇంత మౌనంగా ఉందంటే తినే ఉంటుందనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మావయ్య ఇంకాస్త ముందుకెళ్లి, ఆవిడ బడి సంచి ముక్కు దగ్గర పెట్టుకుని నెయ్యి వాసన ఏమైనా వస్తుందేమోనని చూశాడు. అది అత్తయ్య కంట పడింది. కేకలేస్తుందనుకున్నాం. వెయ్యలేదు. సంచి తీసుకుని, అందులోవన్నీ మంచం మీద బోర్లించి, "చూసుకోండి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. సుద్దముక్కలు, కళ్లజోడు పెట్టె, ఒక జామకాయ.

ఆవిడకి కడుపునొప్పి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి అయింది. చచ్చిపోయినా ఫరవాలేదు గానీ దొంగతిండి తిని చచ్చిపోయిందని అనిపించుకోకూడదని పట్టుబట్టింది. మర్నాటి నించి అన్నం, ఉప్పు, మజ్జిగ. అంతే! ఆవకాయ లేదు, పప్పు లేదు, నేల మీద చరుపు లేదు. పదిరోజులకి కడుపు నెమ్మదించింది. అప్పుడు ఒక్కొక్కటే కలిపింది. మూడు రోజులు ముద్దపప్పు. ఏమీ కాలేదు. మూడు రోజులు ఆవకాయ. ఏమీ కాలేదు. గోంగూర, చేప, పెసరట్టు అన్నీ అమాయకులే. చారు పోసుకున్న రెండో రోజు దొడ్లోకి పరుగు.

"చారే!" అని అరిచిందట. మావయ్య హడలిపోయి పరుగెత్తుకొస్తే, పొట్ట పట్టుకుని నవ్వుతోందట.

ఆ తర్వాత చారుని ముక్కలు చేసింది. చింతపండు రసం ఒక్కటీ తాగింది. మిరియాలు, జీలకర్ర విడిగా పొడి చేసి అన్నంలో కలుపుకుంది. ధనియాలు. కరివేపాకు. ఇక మిగిలింది ఒక్కటే. దాన్ని మాత్రం ఎవరం నమ్మలేదు. "ఇంగువ చెట్టు పాలు కదే. అందులోకి గోధుమ ఎట్టా వస్తుంది?" అన్నాడు మావయ్య. ఆవిడ డబ్బా సంచిలో వేసుకుని బందరు బస్సెక్కింది.

ఎక్స్ఛేంజి గుమ్మంలో నిలబడి, "సెలవు పెట్టి రావే. ఆ కొట్టు చూపించు," అంది.

కొట్టాయన చల్లగా కాగితం పొట్లాలు కడుతూ కూర్చున్నాడు. అత్తయ్య డబ్బా ఆయన ముందు పెట్టి, "ఇందులో ఏమేమున్నాయి బాబూ?" అంది.

"ఇంగువేనమ్మా. మంచి సరుకు."

"ఉత్త ఇంగువేనా?"

ఆయన నవ్వాడు. "ఉత్త ఇంగువ ఎట్టా తింటారండీ, నోరు కాలిపోదూ! రాయిలాగ ఉంటది, పొడి కూడా అవ్వదు. మైదా కలిపే చేస్తారు. ఎక్కడ కొన్నా అంతేనండి."

"ఏం కలుపుతారూ?"

"మైదానండి. గోధుమపిండి."

అత్తయ్య రెండు చేతులూ పైకెత్తింది. "మైదానా! నాయనా, ఎంత చల్లని మాట చెప్పావయ్యా!" అని బల్ల మీంచి వంగి ఆయన మోచెయ్యి దొరకబుచ్చుకుంది. కల్తీ అని తెలిసి కొట్లాడే జనాన్ని చూశాడు గానీ, దీవించే మనిషిని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. చేతిలో పొట్లం విడిపోయి శనగపప్పు నేలపాలైంది.

ఆ డబ్బాలన్నీ తెచ్చింది నేను. హల్వా తిన్నావా అని ఆవిణ్ణి నిలదీసిందీ నేనే. నడిబజార్లో నిలబడి భోరుమన్నాను. అత్తయ్య నన్ను గట్టిగా వాటేసుకుంది. "ఏడుస్తావేంటే పిచ్చిదానా! నేను తినలేదు, విన్నావా? తినలేదే నేను!" అంటూ అటూ ఇటూ ఊపేస్తోంది. రోగానికి కారణం దొరికినందుకు కాదు ఆవిడ సంతోషం. తను చెప్పింది నిజమని తేలినందుకు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఎవరో తప్పిపోయి దొరికారనుకున్నారు.

మావయ్య ఆ సాయంత్రం క్షమించమని అడగలేదు. తిరగలి దగ్గర కూర్చుని అడక్కుండానే మూడు శేర్ల బియ్యం విసిరాడు. అత్తయ్య చూసి, "చాల్లెండి, లేవండి. నడుం పట్టేస్తుంది," అంది.

పూర్తిగా కోలుకున్నాక గుడివాడలో మ్యాట్నీ చూద్దామంది. సినిమా అయ్యాక టిఫిన్. "మూడేళ్లయిందే హోటల్లో కూర్చుని తిని," అంది. బస్సులో ఆవిడ ఒళ్లో సంచి బరువుగా ఉంది. ఏంటని అడిగితే, "చూస్తావుగా," అంది.

హోటల్లోకి వెళ్లి బల్ల దగ్గర కూర్చోలేదు. తిన్నగా వంటింట్లోకి! సర్వర్లు, "అమ్మా, అమ్మా," అంటూ వెంటపడ్డారు. పొయ్యి ముందు మేస్త్రి ఉన్నాడు. అప్పటికి ఆయనకి జుట్టుండేది.

"మేస్త్రిగారూ, మీ అట్ల పిండిలో ఏమేమున్నాయో మొదటి నించీ చెప్పండి."

"మినప్పప్పూ బియ్యమూనండి. ఇంకేముంటదండి?"

"మైదా గానీ, రవ్వ గానీ?"

"అట్లలో మైదా వేసేవాడు మేస్త్రీ కాదండి," అన్నాడాయన, రోషంగా.

"శభాష్! మరి ఈ పెనం మీద రవ్వ దోసె పోస్తారా?"

"పోస్తామండి."

అత్తయ్య సంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన పెనం తీసింది. నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. అట్లకాడ కూడా తెచ్చుకుంది. "పొయ్యి మీది, పిండి మీది, పెనం నాది. ఒప్పుకుంటారా?"

వంటింట్లో అందరూ ఘొల్లున నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. పెనం చేతిలోకి తీసుకుని, వేలితో ఒకసారి రాసి, "ఎన్నాళ్లదండీ ఇది?" అన్నాడు. వాళ్ల అత్తగారి కాలంది అని చెప్పింది. అంతే, ఆయన ముఖం మారిపోయింది. మంచి పెనం చూస్తే మేస్త్రికి కలిగే ఆనందం వేరు. పొయ్యి మీద పెట్టి, నీళ్లు చిలకరించి, గరిటెడు పిండి వేసి తిప్పాడు. నూనె అంచుల చుట్టూ చిటపటలాడింది. అట్టు కాగితంలా లేచొచ్చింది.

"సాంబారు పోయమంటారా?" అన్నాడు.

"వద్దండీ, ఇంగువుంటుంది. ఇంగువలో మైదా ఉంటుంది."

"ఇంగువలో మైదా ఏంటండీ!" అని ఆయన అలమర లోంచి డబ్బా తీయించి, దాని మీద చిన్న అక్షరాలు గల్లా దగ్గర కుర్రాడి చేత చదివించాడు. విని తల పట్టుకున్నాడు. "ఇన్నేళ్ల బట్టీ పోపులో మైదా వేస్తన్నానా నేను! మైదా వేసేవాడు మేస్త్రీ కాదని ఇప్పుడే కదండీ అన్నా!"

అల్లప్పచ్చడి మటుకు ఆయన చెప్పిన వివరాలన్నీ విని సరేనంది. ఆ రోజు అత్తయ్య నాలుగు అట్లు తింది. నాలుగో అట్టుకి బల్ల మీద చరిచిన చరుపుకి గ్లాసుల్లో నీళ్లు తొణికాయి. ఆ తర్వాత మేం ఎప్పుడు వెళ్లినా, గుమ్మంలో కనపడగానే, "పెనం అమ్మగారొచ్చారు! ఆ పొయ్యి ఖాళీ చెయ్యండ్రా!" అని కేక వినపడేది.

ఇంత కథలోనూ నాకు మిగిలింది ఒక భయం. అత్తయ్యకి నా చేత్తో ఏమీ పెట్టలేకపోయాను. ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను, కానీ అరటిపళ్లు, బత్తాయిలు తప్ప ఏమీ తీసుకెళ్లేదాన్ని కాదు. తొక్క ఉన్నది తప్ప ఇంకేదీ ఆవిడ చేతికివ్వడానికి ధైర్యం చాలేది కాదు. వాళ్ల వంటింట్లో గరిటె పట్టుకోవడం కూడా మానేశాను. రెండేళ్లు అలా గడిచాయి. అత్తయ్య గమనిస్తూనే ఉంది. ఒక కార్తీకమాసంలో మాత్రం ఉన్నట్టుండి ఫోను చేసి, "మా బడి టీచర్లం హంసలదీవిలో వనభోజనాలు పెట్టుకున్నాం. నలభై మందికి ఆవ పెట్టిన పులిహోర నువ్వు చేస్తున్నావు. చెప్పేశాను అందరికీ," అని నా జవాబు వినకుండా పెట్టేసింది.

నాకు జ్వరం వచ్చినంత పనైంది. బియ్యం నేనే ఏరాను. పసుపు కొమ్ములు కొని నేనే దంచాను. గుండిగ ఇసకతో మూడుసార్లు తోమాను. సముద్రపు గాలికి పొయ్యి మండక తల ప్రాణం తోకకొచ్చింది. ఆవ నూరి, పోపు పెట్టి, అంతా కలిపి, నీళ్ల కోసం బిందె పట్టుకుని పంపు దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డ్రిల్లు మాస్టారి భార్య నా గుండిగ పక్కన నిలబడి ఉంది. చేతిలో ఇంగువ డబ్బా. మూత తీసి ఉంది.

"వేశారా!" అని అరిచాను. బిందె ఎక్కడ పడేశానో తెలియదు.

"లేదమ్మా! ఇంగువ లేని పులిహోరేంటా, అడిగి వేద్దామని తీశాను. వెయ్యలేదు."

ఆ పిచ్చి వాసన గాలంతా నిండిపోయింది, ముక్కుని నమ్మడానికి లేదు. పసుప్పచ్చటి పులిహోరలో ఇంగువ పొడి కళ్లకి కనపడదు. ఆవిడ ముఖం చూశాను. నాకు నమ్మకం కలగలేదు. కంగారులో వేసేసి, నా అరుపుకి భయపడి లేదంటోందేమో!

అప్పటికే ఉసిరిచెట్టు కింద ఆకులు పరిచారు. అత్తయ్య అందరి మధ్యా కూర్చుంది. పరుగెత్తుకెళ్లి చెవిలో అంతా చెప్పాను. "నువ్వు తినకు. నీకు పెరుగన్నం కలుపుతాను," అన్నాను.

అత్తయ్య తలెత్తి డ్రిల్లు మాస్టారి భార్య వైపు చూసింది. ఆవిడ దూరంగా చీర కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది, నేనంటున్నది వినపడకపోయినా తెలిసిపోయినట్టు.

"ఏమండీ, వేశారా?" అంది గట్టిగా.

"లేదండీ. ఒట్టు."

"వెయ్యలేదంటోంది కదే," అంది అత్తయ్య నాతో. "వడ్డించు."

"అత్తయ్యా, ఒకవేళ..."

"ఒకవేళ లేదు, ఏమీ లేదు. మనిషి లేదని చెప్తోంది. వడ్డించు నువ్వు."

గరిటెడు వేశాను. అత్తయ్య ముద్ద కలుపుకుని తింది. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను. ఇంకో ముద్ద తింది. ఆకు చూపించి మళ్లీ వెయ్యమంది. డ్రిల్లు మాస్టారి భార్య ఏడుస్తూ వచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది. ఆ పూట నేను మాత్రం ముద్ద మింగలేకపోయాను. బందరు బస్సెక్కేదాకా అత్తయ్య పొట్టనే చూస్తూ ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ఎక్స్ఛేంజికి ఫోనొచ్చింది.

"నేనేనే."

"అత్తయ్యా! ఎట్టా ఉంది?"

"నాకేం, రాయిలా ఉన్నాను. ఇప్పుడే రెండు పెసరట్లు తిన్నా. అది సరే గానీ, రాత్రి పడుకున్నావా నువ్వు?"

"లేదు," అన్నాను.

"నేను హాయిగా పడుకున్నానే," అంది అత్తయ్య.